ఐదో మజిలీలో పందొమ్మిది దారాలు

శరభగిరి మహారాజు భువనమల్లుడి కొలువుకూటం ఆ ఉదయం ధగధగలాడిపోతోంది. పగడపు కంబాలకు చుట్టిన ముత్యాల సరాలు గాలికి గలగలమంటున్నాయి. వెండి గొలుసులకు వేలాడే ధూపపాత్రల నుంచి సాంబ్రాణి పొగ సుడులు తిరుగుతూ పైకప్పు మీది బంగారు హంసలను కమ్మేస్తోంది. ఇంత వైభవం నడుమ నిలబడ్డ వార్తాహరుడి ఒంటి మీద మాత్రం చీలిన కవచం, ఎండిన నెత్తుటి చారలు ఉన్నాయి.

"మహాప్రభూ! గండశిల కోటలో ఇక తొమ్మిది రోజుల తిండి మాత్రమే మిగిలింది. ధూమ్రదేశపు సేన మూడు వైపులా ముట్టడించింది. యువరాజులవారు కూడా ఒంటిపూట గంజితో కాలం గడుపుతున్నారు."

సభ గొల్లుమంది. భువనమల్లుడు సింహాసనం మీద నుంచి లేచాడు.

"ప్రతి పక్షానికీ పన్నెండు వందల ఎడ్ల బరువు ధాన్యం పంపుతున్నాం కదా! అదంతా ఏమైపోతోంది?"

"ఐదు వందల ఎడ్లే చేరుతున్నాయి ప్రభూ."

రాజు చూపు ధాన్యాధిపతి గుణనిధి మీద పడింది. పట్టుశాలువా సవరించుకుని, తేనె పూసినట్టుండే గొంతుతో గుణనిధి చెప్పాడు: "ప్రభువులు శాంతించాలి. రాజధాని నుంచి గండశిలకు ఆరు మజిలీలు. ఆరు మజిలీల తాళపత్రాల్లోనూ పన్నెండు వందలనే రాసి ఉంది. ఆరో మజిలీ దాటాక ఉన్నది పులికనుమ. అక్కడ ధాన్యం మోసే ఎడ్ల బిడారును నడిపేది ఒక్కడే, నాయకుడు బొల్లన. ఇక నేను చెప్పేదేముంది?"

అప్పటికే సంకెళ్ళు వేసి తెచ్చిన బొల్లన రెండు చేతులూ ఎత్తాడు. అరవై ఏళ్ళ మనిషి, ఎండకు నల్లబడ్డ ఒళ్ళు, ఎద్దు మూపురంలాంటి భుజాలు. "నా ఎడ్ల మీద ఒట్టు దొరా! గింజ కూడా నేను ముట్టలేదు!"

"రేపు పొద్దు వాలేలోగా వీణ్ణి శూలం మీద కొరత వేయండి" అన్నాడు రాజు.

అప్పుడు సభామండపం చివర, కొత్త తెర బిగిస్తున్న ఒక స్త్రీ నిచ్చెన దిగి ముందుకు వచ్చింది. ఆమె పేరు పైడిరేక. అంతఃపురానికి తెరలూ కంబళ్ళూ నేసే నేతకత్తె. ఆమె అన్న గండశిల కోటబురుజు మీద విలుకాడు. తొమ్మిది రోజులన్న మాట ఆమె చెవిన పడింది.

"మహాప్రభూ, మన్నించాలి. ఆకులు ఒక్కొక్కటే చదివితే ఒక్కొక్క మజిలీయే కనబడుతుంది. దారి మొత్తం ఒక్క చూపులో కనబడితే దొంగ ఎక్కడున్నాడో తెలుస్తుంది. నాకు ఒక గుడ్డ, కాస్త దారం ఇప్పించండి."

గుణనిధి నవ్వాడు. రాజు మాత్రం నవ్వలేదు.

సభ నడుమ ముతక గుడ్డ పరిచారు. పైడిరేక దాని మీద రాజధానికి ఒక మేకు, ఆరు మజిలీలకు ఆరు మేకులు, గండశిలకు ఒక మేకు నాటింది. ఒక్కొక్క తెల్లదారం వంద ఎడ్లు. తాళపత్రాలు చదివిస్తూ పక్కపక్కనే దారాలు పరిచి సూదితో కుట్టింది. రాజధాని నుంచి పన్నెండు దారాలు బయలుదేరాయి. మొదటి మజిలీలో పన్నెండు, రెండోదానిలో పన్నెండు, ఆరో మజిలీ దాకా తెల్లని పట్టీ ఒకే వెడల్పున సాగింది. పులికనుమ దాటేసరికి అయిదు దారాలై చిక్కిపోయింది.

"చూశారా ప్రభూ! నేను నోటితో చెప్పింది ఈమె దారంతో చెప్పింది" అన్నాడు గుణనిధి.

బొల్లన తల వంచుకున్నాడు. కాని పైడిరేక ఆ పట్టీని చూస్తూ ఉండిపోయింది. ఎంత నేర్పరి నేసినా అంచు ఎక్కడో ఒకచోట వంకర పోతుంది. ఇక్కడ అయిదు నెలల లెక్కల్లో ఒక్క ఎద్దు కుంటలేదు, ఒక్క బస్తా చినగలేదు, ఒక్క వాగు పొంగలేదు. పట్టీ గీసిన గీతలా ఉంది.

రాజు సభ చాలించి ఆమెను చాటుకు పిలిపించాడు. "నీ ముఖం చూస్తే ఇంకా ఏదో ఉన్నట్టుంది."

"ఈ లెక్కలు ఎడ్లను చూసి రాసినవి కావు ప్రభూ. కింది మజిలీ ఆకులో ఉన్నదే పై మజిలీవాళ్ళు తమ ఆకులోకి ఎక్కించుకుంటున్నారు. అబద్ధం ఆడాలని ఎవరికీ తోచని సంగతి ఒకటి ఉంది. ఎద్దు ఎక్కడ ఆగినా గడ్డి తింటుంది. ఏ మజిలీలో ఎన్ని మోపుల గడ్డి ఖర్చయిందో గడ్డి కోసేవాళ్ళను అడిగితే చాలు. నేను వెళతాను. దారి తెలిసినవాడు బొల్లన, అతణ్ణి నాతో పంపండి."

భువనమల్లుడు ఆమెకు దగ్గరగా వచ్చాడు. "నాకు గుణనిధి మీద అనుమానం. బొల్లన మీద అనుమానం. నిజం చెప్పాలంటే నీ మీదా అనుమానమే. అయినా వెళ్ళు. బొల్లన ఏడు రోజుల్లో తిరిగి రాకపోతే అతడికి బదులు కొరత ఎక్కేది నువ్వు."

మరునాడు తెల్లవారగానే రాజధాని ఉత్తరద్వారం నుంచి ఎడ్ల మెడపట్టెడలు అమ్ముకునే తండ్రీ కూతుళ్ళ వేషంలో బొల్లనా పైడిరేకా రెండు గుర్రాల మీద బయలుదేరారు. గవ్వల పట్టెడలు, కుచ్చుల మువ్వలు భుజాన వేసుకున్న ఆ ఇద్దరినీ ఎవరూ గుర్తు పట్టలేదు. బయలుదేరే ముందే పైడిరేక బొల్లన మొలలోని కత్తి అడిగి పుచ్చుకుంది.

"నన్ను నమ్మవా తల్లీ?"

"ఇంకా లేదు నాయనా" అంది పైడిరేక.

మొదటి మజిలీలో గడ్డి కోసే ఆడవాళ్ళు మువ్వలు బేరమాడుతూ నోరు విప్పారు. పోయిన బిడారు ఎగువకు వెళ్ళేటప్పుడు ఎద్దుకు మోపు చొప్పున పన్నెండు వందల మోపులు పోయాయి. పైడిరేక పమిటకొంగులో దాచిన గుడ్డ మీద పన్నెండు ఎర్రదారాలు కుట్టింది. రెండో మజిలీలోనూ అంతే. అక్కడి నుంచి బిరబిర పారే శంఖిని నది దాటాలి. గుర్రాలను రేవులో వదిలి గుండ్రటి పడవలాంటి పుట్టి ఎక్కారు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు కట్టిన మోకు పట్టుకుని పుట్టివాడు లాగుతున్నాడు. నడి ఏటికి చేరగానే మోకు ఠప్పున తెగింది. పుట్టి బొంగరంలా గిరగిరా తిరిగి బోర్లా పడింది. సుడిగుండం పైడిరేకను కిందికి లాగేసింది. కళ్ళ ముందు పచ్చని చీకటి కమ్ముకుంటూండగా ఒక బలమైన చెయ్యి ఆమె జడ పట్టుకుని పైకి లాగింది. ఒడ్డున ఇసుకలో పడ్డాక ఆమె దగ్గుతూ తెగిన మోకు కొస చూసింది. అది అరిగి తెగలేదు, నున్నగా కోసి ఉంది.

ఆమె బొల్లన వైపు గుచ్చి చూసింది.

"నా కత్తి నీ దగ్గరే ఉందిగా అమ్మా! అటు చూడు!"

తాము పుట్టి ఎక్కిన రేవు ఒడ్డున బూడిదరంగు శాలువా కప్పుకున్న రౌతు ఒకడు గుర్రాన్ని తిప్పి అడవిలోకి దూసుకుపోయాడు. వాళ్ళ ప్రయాణం సంగతి రాజుకు తప్ప ఎవరికీ తెలియదు. మరి ఈ రౌతుకు చెప్పిందెవరు?

మూడో మజిలీలో కొత్త గుర్రాలు దొరికాయి. అక్కడా పన్నెండే, నాలుగో మజిలీలోనూ పన్నెండే. దారి పొడుగునా బొల్లన కబుర్లు చెబుతూనే ఉన్నాడు. ఏ రాయి దగ్గర ఎద్దు బెదురుతుందో, ఏ చెలమలో నీరు తియ్యగా ఉంటుందో ఏకరువు పెట్టాడు. అయిదో మజిలీకీ ఆరో మజిలీకీ నడుమ ఏముందని అడిగితే మాత్రం గొంతు తగ్గించాడు.

"ఏముంటుంది? ఎండ, రాళ్ళు."

"ఇన్నేళ్ళుగా నడుస్తున్నావు, ఒక్క చెట్టయినా గుర్తులేదా?"

"అడక్కు తల్లీ" అని గుర్రాన్ని ముందుకు అదిలించాడు. పైడిరేక చెయ్యి మొలలోని కత్తి మీదికి పోయింది.

మూడో రోజు పొద్దు బాగా ఎక్కాక అయిదో మజిలీ చేరారు. బోడికొండల నడుమ వెడల్పాటి మైదానం అది. అప్పటికే బిడారు దిగి ఉంది. వార్తాహరుడు రాకముందే బయలుదేరిన ఈ పక్షపు ధాన్యం, రాజధాని కొట్లలో మిగిలిన చివరి నిల్వ అదే. ఎక్కడ చూసినా ఎడ్లే. కొమ్ములకు తొడిగిన ఇత్తడి కుప్పెలు ఎండకు తళతళమంటున్నాయి, వేల మువ్వల చప్పుడు కొండలకు తగిలి మారుమోగుతోంది. పైడిరేక గడ్డివామి పక్కన కూర్చుని అక్కడి ముసలి గడ్డిమనిషిని మాటల్లోకి దింపింది.

"ఇక్కడి ఎడ్ల ఆకలి ఏం చెప్పను బిడ్డా! బిడారు వచ్చిన ప్రతిసారీ పందొమ్మిది వందల మోపులు కావాలి. కోసి కోసి చేతులు పడిపోతున్నాయి. పై మజిలీలో మా బావమరిది మాత్రం హాయిగా కూర్చుంటాడు. వాడికి అయిదు వందల మోపులు చాలట!"

పైడిరేక దారాలు కుట్టింది. గుడ్డ ఒడిలో పరుచుకుంది. తెల్లపట్టీ నిటారుగా సాగిపోతోంది. దాని పక్కనే ఎర్రపట్టీ పన్నెండు దారాలతో నాలుగు మజిలీలు నడిచి, అయిదో మజిలీలో కొండచిలువ పొట్టలా పందొమ్మిదికి ఉబ్బి, ఆరో మజిలీలో అయిదుకు పడిపోయింది. ఇక చెప్పడానికేముంది? ఏడు వందల ఎడ్లు ఇక్కడ మేత మేసి బయలుదేరుతున్నాయి, ఎక్కడో బరువు దింపుకుని, మళ్ళీ ఇక్కడికే వచ్చి రెండోసారి మేస్తున్నాయి. దొంగతనం జరిగేది పులికనుమలో కాదు. ఈ మజిలీకీ పై మజిలీకీ నడుమ, బొల్లన చెప్పనంటున్న చోట.

ఆమె తల ఎత్తేసరికి బొల్లన చలిపందిరి దగ్గర ఉన్నాడు. జడలు కట్టిన పొడుగాటి సాధువు ఒకడు చిరునవ్వుతో పసుపుపచ్చని మజ్జిగ పోస్తున్నాడు. బిడారువాళ్ళు వరసగా దోసిళ్ళు పట్టి తాగుతున్నారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు కుండ ఖాళీ అయిపోయింది. వాళ్ళు విసుక్కుంటూ తమ అయిదు వందల ఎడ్లను తోలుకుని పై మజిలీకి వెళ్ళిపోయారు. సాధువు దాచి ఉంచిన చివరి గిన్నె పైడిరేకకు అందించాడు.

"తాగమ్మా, ఎండన పడి వచ్చావు."

ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయి కళ్ళ దాకా రాలేదు. అది గమనించి ఆమె గిన్నె నోటి దగ్గర పెట్టుకుంది, కొంగు అడ్డుపెట్టి మజ్జిగంతా రవికెలోకి ఒంపేసుకుంది.

సూర్యుడు నడినెత్తికి రాగానే కొండకొమ్ము మీద శంఖం మోగింది. ఒక్కసారిగా మైదానంలో మాటలన్నీ ఆగిపోయాయి. మజ్జిగ తాగిన ప్రతివాడూ ఎడ్లను అదిలించే ములుకోల పట్టుకుని లేచాడు. బొల్లనా లేచాడు. పైడిరేక అతడి చెయ్యి పట్టుకుని కుదిపింది.

"నాయనా! ఎక్కడికి?"

అతడి కనుగుడ్లు పసుపు ముద్దల్లా మారిపోయాయి. ఆ కళ్ళు ఆమెను చూడటం లేదు.

ఆ దారి గురించి అడిగితే బొల్లన ఎందుకు ముఖం తిప్పుకున్నాడో ఆమెకు అప్పుడు అర్థమైంది. చెప్పడానికి అతడికి ఏమీ గుర్తులేదు. ఇంత పేరున్న బిడారు నాయకుడు, నాకు ఆ దారి జ్ఞాపకం లేదని ఏ నోటితో చెప్పుకుంటాడు? మూడు రోజులుగా అతడి మీద కత్తి పట్టుకున్నందుకు ఆమె గుండె చివుక్కుమంది. కాని ఏడవడానికి వేళ కాదు. కనురెప్పలు సగం వాల్చి, ములుకోల ఒకటి అందుకుని, ఆమె కూడా ఆ వరసలో కలిసిపోయింది.

కొండపక్క పెద్ద బండ దానంతట అదే పక్కకు జరిగింది. ఏడు వందల ఎడ్లు ఒకదాని వెనుక ఒకటి ఇరుకు చీలికలోకి దూరాయి. ఒక పక్క ఆకాశాన్నంటే గోడ, మరో పక్క అడుగు కనబడని అగాధం. మువ్వల చప్పుడు తప్ప మనిషి గొంతు లేదు. చీలిక దాటగానే లోయ కళ్ళ ముందు విచ్చుకుంది. వెండిపోగుల్లా జారే జలపాతాలు, నీలిపూల తీగలు అల్లుకున్న స్ఫటికపు తోరణాలు, వాటి నడుమ నల్లరాతి మందిరం. మందిరం చుట్టూ గుట్టలు గుట్టలుగా ధాన్యం బస్తాలు, ప్రతి బస్తా మీదా శరభగిరి రాజముద్ర. అవతలి కొండ మీద, చెయ్యి చాస్తే అందేటంత దగ్గరగా గండశిల కోట బురుజులు! ఆకలితో అలమటించే అన్నకూ ఈ గుట్టలకూ నడుమ ఉన్నది ఒక్క లోయే.

పైడిరేక వరస తప్పి మందిరంలోకి జారుకుంది. లోపల మనిషి లేడు. నేలంతా పరుచుకున్న ముగ్గు ఒకటి వెలుగుతోంది. తెల్లపొడితో దారులు, నీలిపొడితో నదులు, నల్లపొడితో అగాధాలు. చూసిన మరుక్షణం ఆమె గుర్తు పట్టింది. అది తన గుడ్డ మీది బొమ్మే! రాజధాని, ఆరు మజిలీలు, గండశిల. అయితే తన బొమ్మ కదలదు. ఇక్కడ పసుపురంగు రేణువులు చీమల బారులా తెల్లదారిలో కదులుతున్నాయి. అయిదో మజిలీ దగ్గర బారు వంకర తిరిగి ఈ మందిరం దాకా వస్తోంది. ఇంకొక సన్నని నల్లగీత రాజప్రాసాదం నుంచి సరాసరి ఈ మందిరానికి పాకి ఉంది.

ఆమె ఒక్క రేణువు ముందు వేలు అడ్డం పెట్టింది. రేణువు పక్కకు తిరిగింది. గవాక్షంలోంచి చూస్తే, బయట ఒక ఎద్దూ దాని మనిషీ అలాగే పక్కకు తిరిగారు.

ఈ ముగ్గు జరుగుతున్నదాన్ని చూపడమే కాదు, జరిగేదాన్ని నడిపిస్తోంది కూడా. పైడిరేక మూలనున్న పాత్రలోంచి గుప్పెడు తెల్లపొడి తీసుకుని, మందిరం నుంచి గండశిల ఉత్తరద్వారం దాకా కొత్త దారి గీయడం మొదలుపెట్టింది. జన్మంతా మగ్గం మీద ఆడిన వేళ్ళు అవి. నల్ల అగాధానికి వెంట్రుకవాసి ఎడంగా గీత సాగింది. ఒకచోట చెమట చుక్క రాలి పొడి చెదిరింది. పసుపు రేణువు ఒకటి నల్లపొడి వైపు జారింది. బయట ఎద్దు అంబా అని అరిచింది, గిట్ట కింద రాళ్ళు దొర్లి పడ్డాయి. గోటికొసతో రేణువును ఇవతలికి లాగింది. ఎద్దు నిలదొక్కుకుంది.

గీత పూర్తయింది. పసుపు బారు తిరిగింది. బరువులు దింపకుండానే ఏడు వందల ఎడ్లు ఉత్తరపు కొండదారి పట్టాయి. అందరికన్నా ముందు, నిటారుగా, బొల్లన నడుస్తున్నాడు. పైడిరేక కన్నార్పకుండా జాముసేపు ఆ ముగ్గు పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని దారి కాపాడింది. చివరి రేణువు గండశిల గుర్తులో కలిసిన కాసేపటికి, అవతలి కొండ మీద కోటద్వారం తెరుచుకున్న చప్పుడు వినిపించింది. ఆ వెనకే నగారాలు ధణధణమని మోగాయి.

"అన్నయ్యా! ఇక కడుపు నిండా తిను" అనుకుంది ఆమె. కళ్ళ నీళ్ళు ముగ్గులో పడకుండా ముఖం పక్కకు తిప్పుకుంది.

గుమ్మంలో చలిపందిరి సాధువు నిలబడి ఉన్నాడు. ఇప్పుడు జడలు పాముల్లా మెదులుతున్నాయి. చేతిలో శంఖం, ఇంకో చేతిలో ఎముకల దండం. ధూమ్రదేశపు మాంత్రికుడు ధూమకేశి! ముట్టడి మొదలైన నాటి నుంచి తల్లులు పిల్లలను భయపెట్టే పేరు అది.

"అయిదు నెలల శ్రమ! ఎవతెవే నువ్వు?"

"నేతకత్తెను. నీ బొమ్మలో ఒక పోగు తప్పింది, సరిచేశాను."

"ఏం ఫరవాలేదు. మళ్ళీ గీస్తాను" అంటూ ధూమకేశి ముందుకు ఉరికాడు. అంతకన్నా వేగంగా పైడిరేక మజ్జిగలో కలిపే పసుపుపొడి పాత్ర అందుకుని గవాక్షంలోంచి జలపాతంలోకి విసిరేసింది. పొడి మబ్బులా లేచి నీళ్ళలో కలిసిపోయింది. మాంత్రికుడు దిక్కులు పిక్కటిల్లేలా అరిచి దండంతో నేలను మోదాడు. ఆమె కాళ్ళ కింది రాతిపలక తలకిందులైంది. పైడిరేక నిట్టనిలువు గోతిలోకి పడి, తడి ఇసుకలో దొర్లింది. పైన పలక మూసుకుంది. సన్నని పగుళ్ళలోంచి మాత్రం కాస్త వెలుతురు పడుతోంది.

మూలన ఏదో కదిలింది. ఆమె చప్పున కత్తి దూసింది.

"ఎవరక్కడ? దగ్గరికి రాకు!"

"నన్ను చూసి భయపడేవాళ్ళు కూడా ఉన్నారా అమ్మా?" అంటూ ఒక బలహీనమైన గొంతు పలికింది. గడ్డం మోకాళ్ళ దాకా పెరిగిన మనిషి గొలుసులు ఈడ్చుకుంటూ వెలుగులోకి వచ్చాడు. ఎముకల గూడులా ఉన్నాడు. అయినా ఆ ముఖాన్ని ఆమె ఎక్కడో చూసింది. మూడు రోజుల కిందట, అదీ అతి దగ్గరగా.

"శరభగిరి నుంచి వచ్చావా? అయితే మహారాజుకు ఎలాగైనా కబురు చెప్పు. నేను ధాన్యాధిపతి గుణనిధిని. అయిదు నెలలుగా ఈ గోతిలోనే ఉన్నాను."

పైడిరేక కత్తి దించింది. తేనె పూసిన గొంతు, పట్టుశాలువా, ఆ చిరునవ్వు ఆమె కళ్ళ ముందు కదిలాయి.

"అయితే అయ్యా, ఇప్పుడు మహారాజు పక్కన నిలబడి ఉన్నది ఎవరు?"